గుమ్మడికాయల దొంగ అంటే భుజాలే ఎందుకు తడుముకోవాలి?

ఒక వాట్సాప్ గ్రూపు ఊహించుకోండి. ఎవరో ఒకాయన "ఈ గ్రూపులో కొంతమంది చేబదులు తీసుకుంటారు, తిరిగివ్వడం మాత్రం మర్చిపోతారు" అని పేరు చెప్పకుండా ఒక మెసేజ్ పెట్టాడు. రెండు నిమిషాలు కాలేదు, ఇంకొకాయన "నన్నేనా అంటోంది?" అని రిప్లై కొట్టాడు. అయిపోయింది. పది మంది వరసపెట్టి గుమ్మడికాయ బొమ్మలు పెడతారు. ఒక్క అక్షరం రాయనక్కర్లేదు, అందరికీ అర్థమైపోతుంది.

అసెంబ్లీలో వినుంటారు, టీవీ డిబేట్లో వినుంటారు, ఇంట్లో అమ్మ నోట కూడా వినుంటారు. "గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట." మా నెల్లూరు వైపు అయితే ఇంకా పొట్టిగా, "ఏంది, భుజాలు తడుముకుంటున్నావే?" అంటే చాలు. గుమ్మడికాయ ఊసే అక్కర్లేదు.

సరే. కానీ భుజాలే ఎందుకు? జేబులు తడుముకోవచ్చు కదా, సంచీ తడుముకోవచ్చు కదా. గుమ్మడికాయే ఎందుకు? వంకాయల దొంగ అని ఎందుకు అనలేదు? ఈ రెండు ప్రశ్నలకీ సమాధానం ఒకటే. ఆ సమాధానం తెలిశాక ఇంకో ప్రశ్న పుడుతుంది, దానికి మాత్రం మన కోస్తా చరిత్రలోకి వెళ్ళాలి.

ముందు కాయ సంగతి చూద్దాం. మీరు పెట్టే ఆ నారింజ రంగు గుమ్మడికాయ బొమ్మ ఉంది చూశారా, అది తప్పు కాయ! అది తీపి గుమ్మడి. దాని పుట్టిల్లు అమెరికా ఖండం. 1492లో కొలంబస్ అటు వెళ్ళాక, 1498లో వాస్కో డ గామా ఇటు వచ్చాక, పోర్చుగీసు ఓడల పుణ్యమా అని మిరపకాయ, టమాటా లాంటివి మన దేశంలోకి దిగాయి కదా, ఇదీ ఆ బ్యాచే. అంతకు ముందు నుంచీ ఇక్కడ ఉన్న గుమ్మడి వేరు. బూడిద గుమ్మడి. సంస్కృతంలో కూష్మాండం. కొత్త ఇంటికి దిష్టి తగలకుండా గుమ్మం ముందు వేలాడదీస్తారు చూడండి, షాపు ఓపెనింగ్ రోజు కుంకుమ వేసి రోడ్డు మీద పగలగొడితే బైకు వాళ్ళు జారి పడతారు చూడండి, అదీ. అమ్మమ్మలు వడియాలు పెట్టేదీ దానితోనే.

ఆ కాయకి బూడిద అనే పేరు ఊరికే రాలేదు. లేతగా ఉన్నప్పుడు దాని ఒంటి మీద సన్నటి నూగు ఉంటుంది. ముదిరేకొద్దీ నూగు రాలిపోయి, తెల్లటి పొడి లాంటి పూత పడుతుంది. చూస్తే పొయ్యిలో బూడిద తీసి పూసినట్టే ఉంటుంది. నిజానికి అది మైనం జాతి పదార్థం. కాయలో నీరు ఆవిరైపోకుండా, కుళ్ళకుండా కాయ తన కోసం తాను వేసుకున్న కోటు అనుకోండి. ఆ కోటు వల్లే ముదిరిన బూడిద గుమ్మడికాయ ఫ్రిజ్ లేకుండా నెలల తరబడి అటక మీద నిలవ ఉంటుంది. ఫ్రిజ్ లేని కాలంలో నెలల పాటు పాడవని కూరగాయ అంటే ఏంటో ఆలోచించండి. అది కూరగాయ కాదు, ఆస్తి. అందుకే దానికి దొంగ ఉన్నాడు.

ఇప్పుడు ఆ దొంగ వెంట వెళ్దాం. ముదిరిన కాయ ఒక్కోటి పది కిలోలు కూడా తూగుతుంది. గుండ్రంగా, పట్టుకోవడానికి పిడి లేకుండా ఉంటుంది. చేత్తో పట్టుకుని పరిగెత్తలేడు. ఆడవాళ్ళైతే చుట్టకుదురు పెట్టుకుని నెత్తిన పెట్టుకుంటారు, కానీ రాత్రి పూట నెత్తిన బరువు బ్యాలెన్స్ చేసుకుంటూ కంచె దూకడం అయ్యే పని కాదు. మిగిలింది భుజం. ఒక చెయ్యి కాయ మీద, ఇంకో చెయ్యి ఖాళీ. పైగా చొక్కాలు లేని రోజులు. పనీపాటా చేసుకునే మగవాళ్ళకి పైన గుడ్డ ఉండటమే తక్కువ. ఎండకి నల్లబడిన భుజం మీద తెల్లటి బూడిద మరక ఎంత స్పష్టంగా కనిపిస్తుందో చెప్పాలా?

ఇక్కడ ఒక చిన్న విషయం ఉంది, నాకు భలే నచ్చుతుంది. మన చేతికి ఏమైనా అంటుకుంటే మనం చూసుకుంటాం. కాలికి అంటుకున్నా వంగి చూసుకుంటాం. కానీ మన భుజం వెనక భాగం మనకి కనపడదు! ఇప్పుడే ప్రయత్నించండి. మెడ ఎంత తిప్పినా పూర్తిగా కనపడదు. అందుకే దొంగ "చూసుకోలేదు", "తడుముకున్నాడు". రాత్రి చీకట్లో మోశాడు, మరక పడిందో లేదో వాడికే తెలియదు. తెల్లారాక ఊళ్ళో పంచాయితీ పెట్టారు. ఎవరో తెలివైన పెద్దమనిషి "దొంగ దొరికాడయ్యా, భుజం మీద బూడిద అట్టాగే ఉంది" అన్నాడు. గుంపులో ఒక చెయ్యి పైకి లేచింది. కథ ఒక్కో ఊళ్ళో ఒక్కో రకంగా చెప్తారు, పెద్దమనిషి కొన్నిచోట్ల రాజు, కొన్నిచోట్ల కరణం, కొన్నిచోట్ల తోట యజమానే. లేచిన చెయ్యి మాత్రం మారదు.

మాట సంగతి కూడా చూద్దాం. "తడుము" అనేది అచ్చ తెలుగు మాట. తమిళంలో "తడవు" అంటారు, నిమరడం, తాకి వెతకడం అని అర్థం. రెండూ ఒకే కుదురువి. కళ్ళు పని చేయని చోట చేతితో వెతకడం, అదీ తడమడం అంటే. చీకట్లో స్విచ్ కోసం గోడ తడుముతాం కదా, అట్టా. పరీక్షలో మాట గుర్తు రాకపోతే "తడుముకున్నాడు" అంటాం, గడగడా చెప్తే "తడుముకోకుండా చెప్పాడు" అంటాం. అంటే ఈ మాటలోనే ఒక తొట్రుపాటు ఉంది.

దాని వెనక ఉన్న "కొను" ఇంకా ముఖ్యం. తడమడం వేరు, తడుముకోవడం వేరు. పోలీసు వచ్చి నా భుజం తడిమితే అది సోదా. నా భుజం నేనే తడిమితే అది తడుముకోవడం. చెప్పడం, చెప్పుకోవడం తేడా లాంటిదే. ఎవరూ వాడి మీద చెయ్యి వెయ్యలేదు, ఎవరూ పేరు పెట్టలేదు, తన మీద తానే చెయ్యి వేసుకున్నాడు. మొత్తం సామెత బలం ఆ "కొను" లోనే ఉంది.

భుజం మాత్రం సంస్కృతం నుంచి వచ్చింది, వచ్చేటప్పుడు కాస్త పైకి జరిగింది! సంస్కృతంలో భుజం అంటే చెయ్యి. చతుర్భుజుడు అంటే నాలుగు చేతులవాడు, నాలుగు భుజాలవాడు కాదు. లెక్కల్లో త్రిభుజం కూడా ఆ దారిలోదే, మూడు చేతుల లాంటి మూడు పక్కలు. తెలుగులోకి వచ్చేసరికి భుజం అంటే మెడ పక్కన బరువు మోసే చోటు అయింది. దానికి మన సొంత మాట "మూపు" ఉంది, ఇప్పుడు ఎద్దుల దగ్గర తప్ప పెద్దగా వినపడదు. మైపాడు, కృష్ణపట్నం, జువ్వలదిన్నె లాంటి సముద్రపు పల్లెల్లో భుజం అంటే ఏంటో వేరే చెప్పక్కర్లేదు. వల భుజం మీదే, తెడ్డు భుజం మీదే, కావడి భుజం మీదే. కావడి బద్ద ఒరుసుకుని కాయ కాసిన భుజాన్ని చూసి మనిషి ఏం పని చేస్తాడో చెప్పేయొచ్చు. అంటే మన జనం భుజాన్ని చదవడం ఎప్పటినుంచో నేర్చుకున్నారు. సామెత ఆ చదువులోంచే వచ్చింది.

మనకొక్కరికేనా ఇది? కాదు. కన్నడంలో అచ్చం ఇదే ఉంది, "కుంబళకాయి కళ్ళ" అంటే "హెగలు" ముట్టి చూసుకున్నాడని. కుంబళకాయి గుమ్మడికాయ, హెగలు భుజం. ఎవరు ఎవరి దగ్గర తీసుకున్నారో పోట్లాడుకోవడం అనవసరం, రెండు ఊళ్ళకీ ఒకటే కాయ, ఒకటే భుజం. తమిళంలో గుమ్మడికాయ ఉంది గానీ సామెత వేరు, మొత్తం గుమ్మడికాయని అన్నంలో దాచినట్టు అంటారు. అంత పెద్ద అబద్ధం అన్నమాట. హిందీ వాళ్ళకి భుజం బదులు గడ్డం, దొంగ గడ్డంలో గడ్డిపోచ. బీర్బల్ కథగా చెప్పుకుంటారు. గడ్డం నిమురుకున్నవాడే దొంగ.

అన్నిటికంటే నాకు ఇష్టమైనది చైనా వాళ్ళది. 11వ శతాబ్దంలో షెన్ కువో అనే ఆయన రాసిన పుస్తకంలో ఉంది. దొంగతనం జరిగింది, అనుమానితులు చాలామంది. చెన్ షూగు అనే అధికారి "ఈ గుళ్ళో గంట ఉంది, దొంగ ముట్టుకుంటేనే మోగుతుంది" అని నమ్మించాడు. గంట చుట్టూ తెర కట్టించి, ఎవరికీ తెలియకుండా గంటకి సిరా పూయించాడు. ఒక్కొక్కరినీ తెర లోపల చెయ్యి పెట్టమన్నాడు. అందరి చేతులకీ సిరా అంటింది, ఒక్కడి చెయ్యి మాత్రం శుభ్రంగా ఉంది. మోగుతుందని భయపడి వాడు ముట్టుకోలేదు! మన కథకి రివర్స్ చూడండి. మన దగ్గర మరక ఉన్నవాడు దొంగ, అక్కడ మరక లేనివాడు దొంగ.

ఇప్పుడు అసలు ప్రశ్నకి వస్తున్నా. ఇవన్నీ వినడానికి బాగుంటాయి, కానీ ఇది పని చేస్తుందా? భుజం తడుముకున్నవాడు నిజంగా దొంగేనా?

కథలో పెద్దమనిషి పట్టుకుంది బూడిదని కాదు, భయాన్ని. భయం దొంగకి మాత్రమే ఉంటుందా? అమాయకుడికి కూడా ఉంటుంది, "నా మీదికి వస్తుందేమో" అని. అమెరికాలో పాల్ ఎక్‌మన్ అనే మానసిక శాస్త్రవేత్త 1985లో అబద్ధాల మీద ఒక పుస్తకం రాస్తూ దీనికి ఒథెల్లో పొరపాటు అని పేరు పెట్టాడు. షేక్‌స్పియర్ నాటకంలో ఒథెల్లో తన భార్య డెస్డెమోనాని అనుమానిస్తాడు. ఆమె భయపడి ఏడుస్తుంది. ఆ భయమే తప్పు చేసిందనడానికి సాక్ష్యం అనుకుని చంపేస్తాడు. ఆమె ఏ తప్పూ చేయలేదు. 2006లో బాండ్, డిపాలో అనే ఇద్దరు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ కలిపి లెక్క తీశారు. ఎదుటి మనిషి చెప్పేది నిజమో అబద్ధమో మామూలు మనుషులు సరిగ్గా కనిపెట్టేది నూటికి 54 సార్లు. బొమ్మా బొరుసా వేస్తే 50 వస్తుంది. అంటే మన పెద్దమనిషి తెలివి, నాణెం కంటే నాలుగు మార్కులు ఎక్కువ.

పోనీ అమాయకుల్లో అయినా అందరి భయం ఒకేలా ఉంటుందా? ఉండదు. ఇంతకు ముందు నాలుగుసార్లు అనవసరంగా నిలబెట్టినవాడు ఐదోసారి అందరికంటే ముందు తడుముకుంటాడు. ఇందాక చరిత్రలోకి వెళ్ళాలి అన్నాను కదా, ఇందుకే.

1871లో బ్రిటిష్ ప్రభుత్వం ఒక చట్టం తెచ్చింది, క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్. నేరం చేసినవాడిని నేరస్తుడు అనడం మామూలు. ఈ చట్టం ఏం చేసిందంటే, కొన్ని కులాల్ని, తెగల్ని మొత్తంగా నేరస్తులు అంది. పుట్టిన పిల్లాడితో సహా! మొదట ఉత్తరాదిన మొదలుపెట్టి, 1911 చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా తెచ్చారు. అప్పుడు నెల్లూరు మద్రాసులోదే. మన వైపు ఎరుకల కుటుంబాలు, యానాది కుటుంబాలు ఎన్నో దీని కిందికి వచ్చాయి. పేరు రిజిస్టర్లో ఎక్కిందంటే వేలిముద్రలు ఇవ్వాలి, చెప్పిన టైముకి హాజరు పలకాలి, ఊరు దాటాలంటే అనుమతి చీటీ కావాలి. కొందరిని ఏకంగా సెటిల్‌మెంట్ అని ఒక చోట పెట్టారు. గుంటూరు వైపు స్టువర్టుపురం పేరు సినిమాల వల్ల మీకు తెలుసు. నెల్లూరు జిల్లాలో కావలిలో ఒకటి ఉండేది, అమెరికన్ బాప్టిస్టు మిషన్ వాళ్ళు నడిపారు. బిట్రగుంట దగ్గర కప్పరాళ్ళతిప్ప ఇంకొకటి.

యానాదుల గురించి ఒక్క మాట చెప్పాలి. పులికాట్ సరస్సు నుంచి పైకి, ఈ తీరం మొత్తం వాళ్ళు ఉన్నారు. శ్రీహరికోట దీవిలో తేనె, దుంపలు, మూలికలు సేకరించి బతికినవాళ్ళు. ఇప్పుడు మనం రాకెట్ లాంచ్ లైవ్ చూసే శ్రీహరికోటే అది. 1969లో ఆ దీవిని రాకెట్ కేంద్రానికి ఎంచుకున్నాక అక్కడి కుటుంబాల్ని కదిలించారు. మైదానంలో యానాదులు చేపలు పట్టారు, చేలల్లో ఎలకలు పట్టారు, ఊళ్ళకీ పంటలకీ కాపలా కాశారు. మళ్ళీ చెప్తున్నా, కాపలా. తోటలో గుమ్మడికాయలు పోకుండా రాత్రంతా మేలుకున్నవాళ్ళు! ఏదైనా పోతే మొదట అడిగేది కూడా వాళ్ళనే. "కావలి" అనే మాటకి కాపలా అనే అర్థం, సెటిల్‌మెంట్ పెట్టిన ఊరి పేరూ అదే. ఇది నేను కల్పించిన వెటకారం కాదు, మ్యాపులో ఉంది.

ఇప్పుడు సామెతని ఆ రిజిస్టర్ పక్కన పెట్టి చూడండి. సామెతలో ఎవరి పేరూ చెప్పరు, దొంగ తనంతట తాను బయటపడాలి. చట్టంలో ముందే పేరు రాసేశారు. సామెతలో బూడిద దొంగతనం వల్ల అంటుకుంది. రిజిస్టర్లో సిరా వేలికి పోలీసే పూశాడు, ఏ దొంగతనమూ జరగకముందే. అట్టాంటి మనిషిని ఊరి మధ్యలో నిలబెట్టి "దొంగ ఎవడ్రా" అంటే వాడి చెయ్యి భుజం మీదికి పోదా? పోతుంది. గుమ్మడికాయ మోసినందుకు కాదు, రాత్రి ఎనిమిదింటికి హాజరు ఉంది కాబట్టి.

ఈ మచ్చ తుడవడానికి జీవితం ఖర్చు పెట్టిన నెల్లూరు మనిషి ఒకాయన ఉన్నారు, వెన్నెలకంటి రాఘవయ్య గారు. 1897లో పుట్టారు. స్వాతంత్ర్య ఉద్యమంలో పని చేస్తూనే యానాదుల మధ్య తిరిగి, వాళ్ళని సంఘంగా కూడగట్టి, ఈ చట్టం తీసేయాలని పోరాడారు. తర్వాత యానాదుల మీద ఇంగ్లీషులో పుస్తకం కూడా రాశారు, 1962లో వచ్చింది. 1973లో పద్మభూషణ్ ఇచ్చారు. మన స్కూలు పుస్తకాల్లో ఆయన పేరు ఎందుకు లేదో మీరే మీ సోషల్ మాస్టారిని అడగండి.

మద్రాసు రాష్ట్రం ఈ చట్టాన్ని 1947లోనే తీసేసింది. దేశమంతటికీ చూస్తే, 1949లో అనంతశయనం అయ్యంగార్ గారి నాయకత్వంలో ఒక కమిటీ వేశారు. ఆయన తిరుచానూరులో పుట్టినవారు, తర్వాత లోక్‌సభ స్పీకర్ అయ్యారు. కమిటీ తీసేయమని చెప్పింది. 1952 ఆగస్టు 31న చట్టం రద్దయింది. అందుకే ఆ తెగల్ని డీనోటిఫైడ్ అంటారు, వాళ్ళు ఆ తేదీని విముక్తి దినంగా జరుపుకుంటారు. దేశానికి ఆగస్టు 15, 1947. వాళ్ళకి ఇంకో ఐదేళ్ళు పట్టింది.

చట్టం పోయినా అలవాటు పోలేదు. రాష్ట్రాలు హాబిచ్యువల్ అఫెండర్స్ చట్టాలు అని వేరే పేరుతో తెచ్చాయి. జైలు మాన్యువళ్ళలో ఈ తెగల వాళ్ళని అలవాటు నేరస్తులుగా చూసే రూల్స్ 2024 దాకా ఉన్నాయి. ఆ ఏడాది అక్టోబర్ 3న సుకన్య శాంత కేసులో సుప్రీంకోర్టు జైళ్ళలో కులం చూసి పనులు పంచడాన్ని కొట్టేస్తూ, ఈ రూల్స్‌ని కూడా తప్పుపట్టింది. జర్నలిస్టు రాసిన ఒక రిపోర్టు మీంచి మొదలైన కేసు అది.

భుజం చదివే మెషిన్లు కూడా వచ్చాయనుకోండి. గుండె ఎట్లా కొట్టుకుంటోంది, ఊపిరి ఎట్లా ఆడుతోంది అని కొలిచే లై డిటెక్టర్ 1921లో అమెరికాలో జాన్ లార్సన్ అనే పోలీసు ఆఫీసర్ తయారు చేశాడు. అది కూడా కొలిచేది భయాన్నే, అబద్ధాన్ని కాదు. 2010లో సెల్వి కేసులో మన సుప్రీంకోర్టు చెప్పింది, మనిషి ఒప్పుకోకుండా ఈ పరీక్షలు చేయకూడదని. రాజ్యాంగంలో 20వ అధికరణం మూడో క్లాజు ప్రకారం ఎవరినీ తమకి వ్యతిరేకంగా తామే సాక్ష్యం చెప్పమని బలవంతం చేయకూడదు. ఇంకా సులువుగా చెప్పాలంటే, నా భుజం నాతో తడిమించకూడదు. మన గుమ్మడికాయ పెద్దమనిషి ఈ రోజు కోర్టుకి వస్తే జడ్జి గారు అడిగే మొదటి ప్రశ్న ఒకటే ఉంటుంది: "బూడిద ఏదయ్యా?"

సామెతలో గమ్మత్తు కూడా అక్కడే ఉంది, ఎన్నిసార్లు విన్నా మనం పట్టించుకోం. భుజాలు తడుముకున్నాడు అంటారు గానీ, అతని చేతికి బూడిద అంటిందా లేదా అన్నది ఎవరూ చెప్పరు. కథ అంతకు ముందే ఆగిపోతుంది.

సరే ఫ్రెండ్స్, వచ్చే ఎపిసోడ్‌లో ఇంకో భుజం సంగతి. జబ్బ చరవడం. విరాట పర్వంలో వంటవాడి వేషంలో ఉన్న భీముడు జీమూతుడనే మల్లుడితో తలపడతాడు కదా, ఆ పర్వంతోనే మన నెల్లూరు తిక్కన గారు భారతం తెనిగించడం మొదలుపెట్టారు. అక్కడి నుంచి కోడి రామ్మూర్తి నాయుడు గారి దాకా వెళ్దాం. ఉంటాను.